టేకుకి కిరీటం పెట్టిందెవరు?

పుస్తకాల గూడొకటి నా చేత్తో నేనే చేసుకోవాలని రెండేళ్ళ నుంచీ కోరిక. పొద్దున్నుంచి రాత్రి దాకా చేసే పనిలో చేత్తో పట్టుకుని చూపించడానికి ఏమీ ఉండదు కదా మనకి. "ఇదిగో, ఇది నేను చేశాను" అని అమ్మకి చూపిస్తే అర్థమయ్యేదొకటి కావాలనిపించింది. ఓ చిన్న రంపం, రెండు ఉలులు, ఓ చిత్రిక కొన్నాను. మిగిలింది చెక్క ఒక్కటే. అదేముందిలే అనుకున్నా. అక్కడే అసలు కథ మొదలైంది.

మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, నాలుగు అరలు. ఇంజినీరుని కాబట్టి ముందు లెక్క వేసుకున్నా. పక్క చెక్కలు రెండు, ఒక్కోటి 36 × 9 × 1 అంగుళాలు. అరలు నాలుగు, ఒక్కోటి 24 × 9 × 1. మొత్తం 1512 ఘనపుటంగుళాలు. ఘనపుటడుగుకి 1728 కాబట్టి సుమారు 0.875 సీఎఫ్టీ. కోతలో, చిత్రికలో పోయేది కలుపుకుంటే ఒకటీ పాతికో అంత. హైదరాబాదులో ఓ టింబర్ డిపోకి పోయి అడిగితే, "బల్లార్షా టేకు నాలుగు వేలు సార్, సీఎఫ్టీ" అన్నాడు. అంటే చెక్కకే అయిదు వేలు. అదే సైజులో, రంపపు పొట్టుని జిగురుతో నొక్కి చేసిన రెడీమేడ్ గూడు రెండు వేలకి ఇంటికి తెచ్చిచ్చి బిగించి పోతారు.

"టేకు కాకుండా చవకలో ఇంకేముంది?" అని అడిగా. ఆయన నన్ను జాలిగా చూశాడు. "వేరే చెక్క మేం పెట్టం సార్. ఎవరూ అడగరు." పైగా ఒక సీఎఫ్టీ కోసం వచ్చినవాణ్ణి నేనేనేమో, టీ కూడా ఇవ్వలేదు :)

ఆ రాత్రే మా బాబాయికి ఫోన్ చేశా. మా ఊరు నరసాపురం దగ్గర. మాటల్లో చెప్పాడు, తాతయ్య పెట్టిన వేపచెట్టు గాలివానకి పడిపోయిందని, ఇటుక బట్టీ వాడికి ఇచ్చేశానని. ఎంతకిచ్చావంటే, "టన్ను రెండు వేల అయిదొందలు లెక్కన. వాడే కోసుకుపోతాడ్రా, మనకి శ్రమ లేదు" అన్నాడు. పచ్చి వేప టన్నంటే ఉజ్జాయింపుగా ముప్పై సీఎఫ్టీ పైమాటే. ముప్పై గూళ్ళ చెక్క అక్కడ ఒక్క సీఎఫ్టీ టేకు కన్నా తక్కువ ధరకి బట్టీలోకి పోతోంది, నేనేమో ఇక్కడ ఒక్క గూటికి చెక్క దొరక్క తిరుగుతున్నాను.

ఇది నాకు మింగుడు పడలేదు. మన ఊళ్ళ నిండా చెట్లుండగా చెక్కంటే టేకే ఎందుకైంది? చదవడం మొదలుపెడితే రెండు వందల ఏళ్ళు వెనక్కి పోవాల్సొచ్చింది.

అంతకన్నా ముందు తాతయ్య ఇంటి సంగతి. చిన్నప్పుడు ఎప్పుడూ గమనించలేదు గానీ, ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఆ ఇంట్లో టేకు ఉన్నది ఒక్క వీధి గుమ్మానికే. ద్వారబంధం, తలుపులు. అది వచ్చిపోయేవాళ్ళు చూసేది కదా. లోపలకెళ్తే దూలాలు వేప, వాసాలు తాటి, పెరటి తలుపు మామిడి. నాగలికి తుమ్మ, రోకలికి చండ్ర. ఏ పనికి ఏ చెట్టో ఊళ్ళో వడ్రంగికే కాదు, రైతుకీ తెలుసు. కొండపల్లి బొమ్మకి పొణికి, ఏటికొప్పాక లక్కపిడతకి అంకుడు, నూజివీడు వీణకి పనస. ఇవన్నీ ఎవరో పుస్తకం చూసి ఎంచుకున్నవి కావు. బొమ్మకి మెత్తగా, తేలిగ్గా ఉండాలి. రోకలి చితక్కుండా ఉండాలి. వీణ పలకాలి. ఈ పనులు వేటికీ టేకు అక్కర్లేదు.

మరి టేకు గొప్పది కాదా అంటే, గొప్పదే. కానీ దేనికి గొప్పదో చూడాలి. దానిలో సహజంగా నూనె ఉంటుంది. నీళ్ళల్లో నానినా కుళ్ళదు, చెద పట్టదు, ఎండకీ వానకీ వంకర పోదు. ఓక్ చెక్కలో దిగిన ఇనుప మేకు తుప్పు పట్టినట్టు ఇందులో పట్టదు. ఈ గుణాలన్నీ ఒక్క చోట ఎవరికి కావాలి? పడవ కట్టేవాడికి. మా నరసాపురంలో పదిహేడో శతాబ్దంలోనే ఇంగ్లీషు వాళ్ళూ డచ్చి వాళ్ళూ ఓడలు కట్టించుకునేవాళ్ళు. గోదావరి మీద పైనించి టేకు దుంగలు తెప్పలు కట్టి వదిలితే డెల్టా దాకా అవే కొట్టుకొచ్చేవి. కోరంగి కూడా అలాంటిదే.

అప్పటికింకా టేకు అంటే ఓడకి మంచి చెక్క, అంతే. రాజుకీ కంపెనీకీ మాత్రమే చెందిన చెక్క అన్న మాట పుట్టలేదు.

ఆ మాట పుట్టింది నెపోలియన్ యుద్ధాల్లో. బ్రిటిష్ నౌకాదళానికి ఓక్ చెక్క చాలక, మలబారు టేకు మీద కన్ను పడింది. బొంబాయిలో పార్సీ వాడియా కుటుంబం వాళ్ళు టేకుతో యుద్ధనౌకలు కట్టి ఇచ్చేవాళ్ళు. 1817లో అక్కడ నీళ్ళలోకి దించిన హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీ ఇవాళ్టికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్‌లో తేలుతూ ఉంది. రెండు వందల ఏళ్ళు దాటింది. చెక్క మంచిదని ఇంతకన్నా సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఆ ఓడల కోసం 1806లో కంపెనీ కెప్టెన్ వాట్సన్ అనే ఆయన్ని మలబారులో అడవుల కన్జర్వేటరుగా వేసింది. ఈయన పోలీసు అధికారిట, అదీ చిత్రం. మరుసటేడు, అంటే 1807లో, ఓ ప్రకటన వచ్చింది. పూర్వపు ప్రభువులకి టేకు మీద ఉన్న హక్కులన్నీ ఇప్పుడు కంపెనీవని, అనుమతి లేకుండా ఎవరూ టేకు కొట్టకూడదని. చెట్టు ఎవరి నేలలో ఉందన్నది లెక్కలోకి రాలేదు, అది టేకు అయితే చాలు. వాట్సన్ అక్కడితో ఆగలేదు, కలప వర్తకం మొత్తం గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఓడలకి చెక్క బాగానే అందింది. భూస్వాములూ, వర్తకులూ, కట్టెలు కొట్టుకునే రైతులూ అందరూ గగ్గోలు పెట్టారు.

దీన్ని ఆపిందెవరో తెలిస్తే మన సీమ వాళ్ళు సంతోషిస్తారు. థామస్ మన్రో. దత్త మండలాల కలెక్టరుగా చేసి, తరవాత మద్రాసు గవర్నరై, చివరికి 1827లో పత్తికొండలో కలరాతో పోయిన ఆ మన్రోనే. ఆ పదవి జనానికి పీడ తప్ప లాభం లేదని ఆయన సిఫార్సు చేస్తే 1823లో రద్దు చేశారు. చెట్టుని దాని యజమాని చేతిలో వదిలేస్తే వాడే పెంచుకుంటాడు, అమ్ముకుంటాడు అన్నది ఆయన వాదన. దీని మీద చరిత్రకారులు రెండుగా చీలిపోయారు. అడవుల శాఖ చరిత్ర రాసిన దొరలేమో, మన్రో వల్ల ఆ తరవాత ఇరవై ఏళ్ళూ మలబారు అడవి నాశనమైంది అన్నారు. నాశనమైన మాట నిజమే కావచ్చు. కానీ నరికి ఎవరికి అమ్మారు? పెద్ద బేరగాడు మళ్ళీ ఆ ఓడల రేవే కదా. ఆ సంగతి మాత్రం మెల్లిగా దాటేస్తారు.

అడవిలో టేకు తరిగిపోయేసరికి, మలబారు కలెక్టరు కానలీకి పంట వేసినట్టు టేకు వేద్దామన్న ఆలోచన వచ్చింది. 1842 నుంచీ నీలాంబూరులో ప్రయత్నాలు మొదలుపెట్టారు. మొదట గింజలు మొలవనే లేదు. టేకు కాయ పెంకు గట్టిది, నీరు లోపలికి దిగదు. రకరకాలుగా ప్రయత్నించి 1844 నాటికి మొలిపించారు. ఆ పనంతా దగ్గరుండి చూసింది చాత్తు మీనన్ అనే స్థానిక ఉద్యోగి. ప్రపంచంలో టేకు తోట అంటూ వేసింది మొదట అక్కడే అంటారు. కానలీస్ ప్లాట్ పేరుతో ఆ నాటి చెట్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. పక్కన టేకు మ్యూజియం కూడా ఉంది, అటు వెళ్తే చూడండి. ఈ నీలాంబూరుని గుర్తుపెట్టుకోండి, ఇంకోసారి వస్తుంది.

ఇక్కణ్ణుంచి కథ పరుగెత్తుతుంది. 1852లో పెగూ ఇంగ్లీషు వాళ్ళ చేతికొచ్చింది, బర్మా టేకు వాళ్ళదైంది. 1855లో డల్హౌసీ అక్కడి టేకు ప్రభుత్వ ఆస్తి అని తేల్చేశాడు. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి క్లెగ్‌హార్న్ అనే డాక్టరు గారు కన్జర్వేటరయ్యాడు. సరిగ్గా ఆ ఏడే జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా మద్రాసు రైలు కదిలింది. ఈ రెండూ ఒకే ఏడు జరగడం కాకతాళీయమే అయినా, ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. మైలు పట్టాలకి దాదాపు రెండు వేల స్లీపర్లు. అవి పదీ పన్నెండేళ్ళకోసారి మార్చాలి. ఓడలకి తిన్నగా పెరిగిన టేకు చాలు. రైలుకి టేకూ కావాలి, సాలూ కావాలి, దేవదారూ కావాలి, ఇంజన్లోకి బొగ్గు లేని చోట కట్టెలూ కావాలి. ఒక చెట్టు మీద హక్కుతో ఇక పని జరగదు, అడవి మొత్తం కావాలి.

1864లో బ్రాండిస్ అనే జర్మనాయనతో అటవీశాఖ పెట్టారు. 1865లో మొదటి చట్టం. 1878లో దాని బాబులాంటిది. అడవిని రిజర్వుడు అని గీత గీస్తే, ఆ గీత లోపల ఊరివాడికి ఉన్నది హక్కు కాదు, సర్కారు దయతో ఇచ్చే వెసులుబాటు. దీన్ని మద్రాసు రెవెన్యూ బోర్డు నాలుగేళ్ళు ఒప్పుకోలేదు. మా ప్రెసిడెన్సీలో ఊరికి చెందని అడవంటూ లేదు, అందరూ తరతరాలుగా కట్టె, ఆకు, మేత తెచ్చుకుంటున్నదే అన్నది వాళ్ళ అభ్యంతరం. తెల్లదొరల ఆఫీసులో కూడా ఈ మాట అనగలిగినవాళ్ళున్నారు చూడండి. అయినా చివరికి తలొగ్గారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ చట్టమే కోస్తాకీ సీమకీ 1967 దాకా, అంటే ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చేదాకా, నడిచింది.

ఇది రైతుకి ఎలా తగిలిందో ఊహించుకోవడం కష్టం కాదు. నాగలి మేడి విరిగింది. ఇంతకుముందైతే గొడ్డలి భుజాన వేసుకుని పోయి ఓ కొమ్మ కొట్టుకొచ్చేవాడు. ఇప్పుడు పర్మిట్ కావాలి. పర్మిట్ ఇచ్చే గార్డు ఊళ్ళో ఉండడు. ఉంటే ఊరికే ఇవ్వడు. మేపడానికి పశువుని తోలితే పుల్లరి కట్టాలి. ఆ పుల్లరి మాటే పల్నాటిలో నిప్పు రాజేసింది. 1921లో సహాయ నిరాకరణ రోజుల్లో మాచర్ల వైపు ఊళ్ళ వాళ్ళు పుల్లరి కట్టమన్నారు, అటవీ ఉద్యోగుల్ని వెలేశారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకీకి నేలకొరిగాడు. మనం స్కూల్లో దీన్ని స్వాతంత్ర్య పోరాటం పాఠంలో ఒక పేరాగా చదువుకున్నాం. అందులో సగం కట్టెల గొడవ, మేత గొడవ అని ఎవరూ చెప్పలేదు. చెబితే ఆ పోరాటం చిన్నదైపోతుందని భయమేమో. నాకైతే ఇంకా పెద్దదనిపించింది.

మన్యంలోనూ అంతే. 1879 రంప తిరుగుబాటుకి కల్లు పన్ను, ముఠాదారుల మీద ఒత్తిడి లాంటివి ముందు చెబుతారు. 1922 నుంచి 24 దాకా సాగిన అల్లూరి సీతారామరాజు పోరాటానికి వచ్చేసరికి పోడు మీద ఆంక్షలూ, కూలి ఇవ్వకుండా గూడెం రోడ్లు వేయించడమూ నేరుగా కనిపిస్తాయి. నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ అడవుల్లో కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. అక్కడా గొడవ గోండులు దున్నుకుంటున్న నేల అటవీశాఖ గీత లోపలికి పోవడమే. బ్రిటిష్ వాళ్ళో నిజామో, గీత గీసే పద్ధతి మాత్రం ఒకటే.

నేను గూడు చెక్క కోసం బయల్దేరి ఇంత దూరం ఎందుకొచ్చానా అనిపించింది ఒక దశలో. కానీ డిపోలో ఆయన "వేరే చెక్క మేం పెట్టం" అన్న మాటకి జవాబు ఇక్కడే ఉంది. చెట్టు కొట్టడం, మోయడం, కోయడం అన్నిటికీ అనుమతి కావాల్సొచ్చినప్పుడు, ఆ అనుమతి ఖర్చు టేకుకైనా తుమ్మకైనా ఇంచుమించు ఒకటే. అంత ఖర్చు పెట్టి తెచ్చేవాడు ఏం తెస్తాడు? ఎక్కువ ధర పలికేదే తెస్తాడు. సర్కారు తోటలు కూడా ఎక్కువగా టేకుతోనే వేసింది. మిగతా చెట్లకి రికార్డుల్లో "చిల్లర కలప" లాంటి పేర్లు పెట్టారు. తాతయ్య ఇంటి దూలాలన్నీ చిల్లర కలపే అన్నమాట.

స్వాతంత్ర్యం వచ్చాక మారిందా అంటే, పెద్దగా లేదు. 1952 అటవీ విధానం "జాతీయ ప్రయోజనం" అంది. ఊరి అవసరం దానికి అడ్డు రాకూడదంది. 1970లో ఆంధ్రప్రదేశ్‌లో అటవీ ఉత్పత్తుల రవాణాకి నియమాలు వచ్చాయి. 1980లో కేంద్ర చట్టం. 1988 విధానంలో మాత్రం మాట మారింది. ముందు పర్యావరణం, తరవాత ఊరివాళ్ళు, పరిశ్రమలు తమ చెక్క తామే రైతులతో పెంచుకోవాలి అంది. కాగితం మిల్లులు అలాగే చేశాయి. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు మనం కారులో పోతుంటే కనిపించే సుబాబుల్, జామాయిల్ తోటలు ఆ విధానం పుణ్యమే. కాగితానికి చెక్క దొరికింది, బల్లకి దొరకలేదు.

ఇప్పుడు మళ్ళీ నీలాంబూరు. ఆ ఊరి కోవిలకం వంశస్థుడు టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ అనే ఆయన, ఒకప్పుడు తమ కుటుంబానికి చెందిన గూడలూరు అడవుల్లో చెట్లు నరికేస్తున్నారని 1995లో సుప్రీంకోర్టుకెక్కాడు. 1996 డిసెంబరు 12న కోర్టు ఇచ్చిన ఉత్తర్వు గూడలూరుకి పరిమితం కాలేదు. నిఘంటువులో అడవి అంటే ఏ అర్థం ఉందో అదంతా అడవే, యజమాని ఎవరైనా సరే అంది. కేంద్రం ఆమోదించిన ప్రణాళిక లేకుండా దేశంలో ఏ అడవిలోనూ చెట్టు కొట్టకూడదంది. ఆ తర్వాత ఏళ్ళలో లైసెన్సు లేని రంపపు మిల్లులు మూతపడ్డాయి. 2002లో, కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా కొత్త మిల్లులకి రాష్ట్రాలు లైసెన్సు ఇవ్వకూడదంది. కానలీ గింజ మొలిపించిన నీలాంబూరులోనే ఈ కేసు పెట్టిన మనిషి పుట్టాడు. కథల్లో రాస్తే మరీ అతికించినట్టుంది అంటారు.

ఈ ఉత్తర్వుని నేను తప్పు పట్టను. అడవులు మిగిలాయంటే దాని వల్ల కూడా మిగిలాయి. కానీ మిల్లుల సంఖ్య కట్టేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. సర్వర్ల సంఖ్య పెంచకుండా ట్రాఫిక్ పెంచితే ఏమవుతుందో అదే. క్యూలో పెద్ద ఆర్డరుకే ముందు చోటు. ఒక్క వేపచెట్టు మోసుకొచ్చిన రైతుకి మిల్లులో పలికేవాడుండడు. పైగా మనకి 2002లోనే వాల్టా చట్టం కూడా వచ్చింది. కొన్ని జాతుల్ని మినహాయించి, సొంత పొలంలో చెట్టుకి కూడా అనుమతి అడగాలి. మా బాబాయి ఇటుక బట్టీ వాణ్ణి ఎందుకు పిలిచాడో నాకు అప్పుడు అర్థమైంది. వాడైతే కాగితాలూ వాడే చూసుకుంటాడు, లారీ వాడే తెస్తాడు.

ఇక్కడి అడవి మూసుకున్నాక టేకు ఎక్కణ్ణుంచి వస్తోందంటే, ఓడల్లోనే. ఒకప్పుడు ఇక్కణ్ణుంచి ఓడల కోసం పోయిన చెట్టు ఇప్పుడు ఓడెక్కి వస్తోంది! ఘనా, ఈక్వడార్, కోస్టారికా తోటల్లో పెరిగిన టేకు గుజరాత్‌లో కాండ్లాకి దిగి, పక్కన గాంధీధామ్‌లో కోయించుకుని మన డిపోలకొస్తుంది. బర్మా వాళ్ళు 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేశారు, అప్పటి నుంచి "బర్మా టేకు" అని చెప్పేవాణ్ణి కాస్త అనుమానంగా చూడండి. ఇంకో విచిత్రం, కేంద్ర పబ్లిక్ వర్క్స్ వాళ్ళు 1993లో తమ కట్టడాల్లో చెక్క వాడకం నిషేధించుకుని, 2020లో ఎత్తేశారు. ఇరవయ్యేడేళ్ళు సర్కారు భవనాల్లో తలుపులకి ఇనుమూ అల్యూమినియమూ అన్నమాట. చెట్టుని కాపాడటానికి ఇనుము కరిగించడం ఏ లెక్కో!

లెక్క అంటే గుర్తొచ్చింది. డిపోలో దుంగ కొనేవాళ్ళు జాగ్రత్త. దుంగకి సీఎఫ్టీ లెక్క మన పదో తరగతి పై-ఆర్-స్క్వేర్ కాదు. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడుగుతో గుణిస్తారు. 1736లో హోపస్ అనే ఇంగ్లీషు సర్వేయరు అచ్చేసిన పట్టికల పద్ధతి. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడుగు దుంగ హోపస్ లెక్కలో సరిగ్గా 10 సీఎఫ్టీ. నిజం ఘనపరిమాణం 12.7. ఆ తేడా కోతలో పోయే పక్క ముక్కలకి వదిలేసిన వాటా. కోసిన చెక్కకి మాత్రం మామూలు లెక్కే, పొడుగు అడుగుల్లో, వెడల్పూ మందం అంగుళాల్లో, గుణించి 144తో భాగించడం. దుంగ ధరనీ కోసిన చెక్క ధరనీ పక్కపక్కన పెట్టి పోల్చి, నన్ను మోసం చేస్తున్నారని డిపో ఆయనతో నేను గొడవ పడ్డాను. తప్పు నాదే. ఆయనతో చెప్పలేదనుకోండి.

సరే, ఇంతకీ గూడు.

మొదటి ఉపాయం ఆఫీసు వెనక దొరికింది. సర్వర్ రాకులు విదేశాల నుంచి పైన్ చెక్క పెట్టెల్లో వస్తాయి. వాటిని విప్పి గోడకి ఆనించి పడేస్తారు. ఫెసిలిటీస్ వాళ్ళని అడిగితే "తీసుకుపోండి సార్, పీడా పోతుంది" అన్నారు. తెచ్చేముందు ఒకటి చూడండి. ఆ చెక్క మీద గోధుమ కంకి గుర్తు పక్కన అక్షరాలుంటాయి. హెచ్.టి. అని ఉంటే వేడి చేసి పురుగు చంపిందని, నిశ్చింతగా వాడుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించింది, వదిలేయండి. పైన్ మెత్తన, కొత్తవాడి ఉలి మాట వింటుంది. గోరు గుచ్చితే గుంట పడుతుంది, దానికి ఏం చెయ్యలేం. మేకులన్నీ పీకడానికి ఓ ఆదివారం పట్టింది. ఒకటి మిగిలిపోయి చిత్రిక బ్లేడుకి గాటు పెట్టింది కూడా.

రెండోది పాత కలప కొట్లు. ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాలూ దూలాలూ అక్కడ కుప్పలుగా ఉంటాయి. యాభై ఏళ్ళు ఎండిన చెక్క, ఇక వంగేదీ లేదు, చీలేదీ లేదు. టేకు కావాలనే పట్టుంటే అక్కడ తీసుకోండి, పొట్టి ముక్కలు కొత్త ధరలో సగానికీ ఇస్తారు. మూడోది కేరళ నుంచొచ్చే రబ్బరు చెక్క, ముక్కలు అతికించిన పలకలు. పాలు కారడం ఆగిపోయిన చెట్లు కొట్టి చేసేది. మందు పట్టించింది కాబట్టి పురుగు భయం తక్కువ, తడి మాత్రం తగలనివ్వకూడదు. మామిడి అన్నిటికన్నా చవక, కానీ పచ్చిది కొన్నారో నెలలో పొడి రాలుతుంది, పురుగు తొలిచేస్తుంది. బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. తుమ్మ జోలికి మొదట్లో పోకండి. నా రెండో ఉలి అంచు ఎందుకు పోయిందో అడక్కండి.

గూడు పెట్టె చెక్కతో అయింది. ఒక అర కొంచెం ఎడమకి వాలింది, అక్కడ బరువైన నిఘంటువు పెట్టాను. అమ్మకి వీడియోలో చూపిస్తే "బాగుంది గానీ, టేకేనా?" అంది.

బాబాయికి మళ్ళీ ఫోన్ చేశా. మొదలు అప్పటికే బట్టీకి పోయింది. రెండు పెద్ద కొమ్మలు మాత్రం, గొడ్ల సావిడికి అడ్డంగా పడి ఉన్నాయని వదిలేశార్ట. "వాటితో ఏం చేస్తావురా, పొయ్యిలోకి కూడా పచ్చిగా ఉన్నాయ్" అన్నాడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేనూ ఆయనా ట్రాక్టరులో వేసుకుని నరసాపురం మిల్లుకి తీసుకెళ్ళాం. మిల్లు యజమాని తాతయ్య పేరు చెబితే గుర్తుపట్టాడు, పొద్దుటి పనులన్నీ అయ్యాక మధ్యాహ్నం భోజనం వేళ కోసిచ్చాడు. అంగుళం మందంలో తొమ్మిది పలకలొచ్చాయి. కోస్తుంటే మిల్లంతా చేదు వాసన. మధ్యలో ఎర్రటి చేవ, చుట్టూ తెల్లటి పొర. బాబాయి ఒక పలక చేత్తో నిమిరి, "ఇంత బాగుంటుందా ఇది" అన్నాడు, ఆ పైన ఇంకేం మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం దారిలో కాలవ గట్టు మీదున్న వేపచెట్లు ఎవరివెవరివో చెప్పుకొచ్చాడు.

ఆ పలకలు ఇప్పుడు మా బాల్కనీలో, మధ్యలో బద్దలు పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, పైన రెండు సిమెంటు ఇటుకలు. చివర్లు త్వరగా ఎండి చీలకుండా మైనం పూశాను. అంగుళం మందానికి ఏడాది ఆరాలంటారు, మన ఎండలకి అంతకన్నా ముందే కావచ్చు. నెలకోసారి ఒక పలక తూచి గోడ మీద చాక్‌పీసుతో రాస్తున్నా. మొదట 7 కిలోల 400 ఉండేది. ఈ నెల 5 కిలోల 900. బరువు తగ్గడం ఆగిన రోజున ఉలి తీస్తాను.